వంతెన నాడి పట్టే వైర్‌లెస్ సెన్సర్లు: కూలబోతోందని ముందే చెప్తాయా?

(ఎపిసోడ్‌లో మాట్లాడిందే ఇక్కడ పెడుతున్నాను. చదవడానికి వీలుగా "సో", "యాక్చువల్లీ"లు చాలావరకు తీసేశాను. అన్నీ తీసేస్తే నేను మాట్లాడినట్టు ఉండదని కొన్ని ఉంచాను.)



2022 అక్టోబర్ 30, ఆదివారం సాయంత్రం. గుజరాత్‌లో మోర్బీ. మచ్ఛు నది మీద నడిచి వెళ్ళే తీగల వంతెన ఒకటి ఉంది. రిపేర్ చేసి మళ్ళీ తెరిచి నాలుగు రోజులే అయింది. దీపావళి సెలవులు, పిల్లాజెల్లాతో జనం వచ్చారు. కేబుల్ తెగింది. 135 మంది చనిపోయారు.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ నాకు ఒకే ప్రశ్న వస్తుంది. "అన్నా, రెండు వేల రూపాయల వాచీ నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెడుతోంది. అన్ని కోట్లు పెట్టి కట్టిన బ్రిడ్జికి ఒక సెన్సర్ పెట్టలేరా?"

న్యాయమైన ప్రశ్న. పెట్టొచ్చు. పెట్టారు కూడా, ఇరవై ఏళ్ళ కిందటే. కాకపోతే "పెడితే ముందే చెప్తుందా?" అనేది వేరే ప్రశ్న. దానికి జవాబు చాలామంది అనుకునేంత సూటిగా ఉండదు. ఇవాళ ఈ రెండూ మాట్లాడుకుందాం. మధ్యలో నాకు బాగా ఇష్టమైన సాఫ్ట్‌వేర్ కథ ఒకటి వస్తుంది, అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

ముందు ఒక భయం తీసేద్దాం. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు పక్క నుంచి లారీ వెళ్తే కింద కదిలినట్టు అనిపిస్తుంది కదా? అది మామూలే. ప్రతి వంతెనా ఊగుతుంది, ఊగేలాగే డిజైన్ చేస్తారు. మనకి కావాల్సింది ఊగుతోందా లేదా అన్నది కాదు, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోంది అన్నది.

ఉయ్యాల తీసుకోండి. మెల్లగా తోసినా గట్టిగా తోసినా అది తన లెక్కలోనే వెళ్ళి వస్తుంది. వంతెనకీ అలాంటి సొంత లెక్క ఉంటుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో సహజ పౌనఃపున్యం అని చదువుకున్నాం, ఇక్కడ ఫ్రీక్వెన్సీ అందాం. దాన్ని తేల్చేవి రెండు: వంతెన ఎంత గట్టిగా ఉంది, ఎంత బరువుంది. గిటార్ తీగ బిగిస్తే శబ్దం పైకి వెళ్తుంది, వదులు చేస్తే కిందకి దిగుతుంది. అదే ఇక్కడ కూడా. లోపల ఎక్కడో పగులు వచ్చి గట్టిదనం తగ్గితే ఫ్రీక్వెన్సీ తగ్గాలి. ఐడియా మొత్తం ఇంతే.

ఒక చిన్న చిక్కు ఉంది, గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది. ఇక్కడ లెక్క వర్గమూలంతో నడుస్తుంది. మొత్తం వంతెన గట్టిదనం 10 శాతం తగ్గితే ఫ్రీక్వెన్సీ 5 శాతమే తగ్గుతుంది. అంటే జబ్బు పెద్దదైనా నాడిలో కనిపించేది సగమే.

ఇంకోటి. వంతెన ఒకే రకంగా ఊగదు. చిన్నప్పటి తాడాట గుర్తుందా? ఇద్దరు చెరో చివర పట్టుకుని తాడు తిప్పితే మధ్యలో ఒకే బొజ్జ వస్తుంది. ఇంకా వేగంగా తిప్పితే రెండు బొజ్జలు, ఒకటి పైకి ఒకటి కిందకి. వంతెన కూడా అంతే, ఒక్కో ఆకారానికి ఒక్కో ఫ్రీక్వెన్సీ. ఈ ఆకారాల్ని మోడ్స్ అంటారు. మోడ్ ఆకారం చూడాలంటే మధ్యలో ఒక సెన్సర్ పెడితే చాలదు. వంతెన పొడవునా వరుసగా పెట్టాలి, అన్నీ ఒకే క్షణంలో కొలవాలి. "ఒకే క్షణంలో" అన్న మాటని గట్టిగా పట్టుకోండి.

పాత పద్ధతిలో ప్రతి సెన్సర్ నుంచీ కంట్రోల్ రూమ్‌కి వైరు లాగేవాళ్ళు. కిలోమీటర్ పైన ఉన్న వంతెన మీద, గాలిలో, ఉప్పు తేమలో, ట్రాఫిక్ ఆపకుండా వైర్లు లాగడమంటే సెన్సర్ కంటే దాని తోకకే ఎక్కువ ఖర్చు. అందుకే వైర్‌లెస్.

ఇక్కడ గోల్డెన్ గేట్ దగ్గరికి వెళ్దాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది కదా, అమెరికా వెళ్ళిన మన బంధువులందరి ప్రొఫైల్ ఫోటోలో వెనకాల కనిపించే ఎర్ర వంతెన. 1937లో తెరిచారు. రెండు టవర్ల మధ్య దూరం 1280 మీటర్లు. దాని మెయిన్ స్పాన్ పైకీ కిందకీ ఊగే మొదటి మోడ్ సుమారు 0.1 హెర్ట్జ్, అంటే ఒకసారి ఊగి రావడానికి దాదాపు పది సెకన్లు. సెల్ఫీ దిగి, బాలేదని ఇంకోటి దిగేలోపు వంతెన ఒక ఊపు ఊగి వచ్చేస్తుంది. మీకు తెలియను కూడా తెలియదు.

2006లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా బర్క్‌లీ వాళ్ళు దీని మీద 64 వైర్‌లెస్ సెన్సర్లు పెట్టారు. తర్వాతి ఏడాది వచ్చిన పేపర్లో మొదటి పేరు సుకున్ కిమ్. ఆయనతో పాటు సివిల్ నుంచి షమీమ్ పక్జాద్, గ్రెగరీ ఫెన్వెస్, స్టీవెన్ గ్లేజర్, కంప్యూటర్ సైన్స్ నుంచి డేవిడ్ కల్లర్, జేమ్స్ డెమ్మెల్. సివిల్ వాళ్ళూ సీఎస్ వాళ్ళూ ఒకే పేపర్లో. మా కాలేజీలో ఆ రెండు బ్లాకుల వాళ్ళు క్యాంటీన్‌లో కూడా కలిసేవాళ్ళు కాదు.

వాళ్ళు వాడిన బోర్డు పేరు మైకాజెడ్. ప్రాసెసర్ 8 బిట్, వేగం 8 మెగాహెర్ట్జ్ లోపే. ర్యామ్ ఎంతో తెలుసా? 4 కేబీ. జీబీ కాదు, ఎంబీ కాదు, కేబీ. ఇలాంటి కొన్ని పేరాలు టైప్ చేసి సేవ్ చేస్తేనే అంత అవుతుంది. కొలిచిన డేటా దాచుకోవడానికి పక్కన 512 కేబీ ఫ్లాష్. రేడియో ఉంది, కానీ దూరం పోదు. వీటికి యాక్సిలరోమీటర్లు తగిలించారు. మీ ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ కూడా తిరుగుతుందే, ఆ పని చేసే చిప్‌కి ఇవి దగ్గరి చుట్టాలే. కాకపోతే వీటిలో ఒక రకం చాలా సున్నితం. వాళ్ళు సాధించిన ఖచ్చితత్వం 30 మైక్రో జీ, అంటే భూమి ఆకర్షణలో పది లక్షల భాగాలు చేస్తే అందులో 30. గాలి, మామూలు ట్రాఫిక్, వీటికి వంతెన ఎంత కదులుతుందో అంతే చాలు. ప్రత్యేకంగా ఎవరూ ఊపక్కర్లేదు.

కొలిచే వేగం సెకనుకు 1000 సార్లు. పది సెకన్లకోసారి ఊగేదానికి అంత ఎందుకంటే, పక్కపక్కన ఉన్న కొలతల్ని కలిపి సగటు తీస్తే నాయిస్ తగ్గుతుంది. ఇరవై కొలతల సగటు తీస్తే నాయిస్ నాలుగున్నర రెట్లు తగ్గుతుంది. ఇక్కడ కూడా వర్గమూలమే.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటుకి వచ్చాం. సెన్సర్ కొనడం తేలిక. కష్టం రెండు చోట్ల ఉంది: గడియారం, రేడియో.

గడియారం చూద్దాం. ప్రతి బోర్డులోనూ ఒక చిన్న క్రిస్టల్ టిక్‌టిక్ అంటూ ఉంటుంది. చవక క్రిస్టల్ పది లక్షలకి 40 తప్పుతుంది అనుకోండి. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. లెక్క వేయండి: నిమిషానికి 2.4 మిల్లీసెకన్లు, రోజుకి దాదాపు మూడున్నర సెకన్లు. పైగా 64 బోర్డులు, ఒక్కోటి ఒక్కో వైపు తప్పుతుంది. సెకనుకు 5 సార్లు ఊగే మోడ్‌లో ఒక ఊపు 200 మిల్లీసెకన్లు. రెండు బోర్డుల మధ్య 10 మిల్లీసెకన్ల తేడా వస్తే ఆ ఊపులో 18 డిగ్రీలు జరిగినట్టు. అప్పుడు నిజంగా కలిసి ఊగుతున్న రెండు చోట్లు వేర్వేరుగా ఊగుతున్నట్టు కనిపిస్తాయి. వంతెన బాగానే ఉంటుంది, మన గ్రాఫ్‌కి జబ్బు చేస్తుంది.

దీనికి వాళ్ళు వాడిన పద్ధతి, ఒక బోర్డు తన టైమ్ చెప్తుంది, పక్కవాళ్ళు విని సరిచేసుకుని తమ పక్కవాళ్ళకి చెప్తారు, అలా వంతెన పొడవునా పాకుతుంది. అయితే అక్కడితో అయిపోలేదు. టైమ్ తెలిసినా, సరిగ్గా ఆ టైమ్‌కే కొలవాలి కదా? అదే సమయంలో ప్రాసెసర్ ఫ్లాష్‌లో డేటా రాస్తూ ఉంటే, "ఒక్క నిమిషం ఆగు" అంటుంది. కోడ్ రాసేవాళ్ళకి ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. అంత చిన్న ప్రాసెసర్ మీద ఒక పని ఇంకో పనికి అడ్డం పడకుండా చూసి, కొలత పడే క్షణంలో అటూ ఇటూ తేడాని 10 మైక్రోసెకన్ల లోపు ఉంచారు. 4 కేబీ ర్యామ్‌లో. నేను ఒక లాగిన్ పేజీకి నాలుగు వందల ఎంబీ లైబ్రరీలు దించిన రోజులు గుర్తొస్తాయి.

ఇక రేడియో. పెళ్ళి భోజనాలప్పుడు వంటశాల దూరంగా ఉంటే గిన్నెలు చేతులు మార్చుకుంటూ తెస్తారు కదా, అలా ఒక బోర్డు పక్క బోర్డుకి, అది దాని పక్కదానికి. గోల్డెన్ గేట్ మీద అన్నిటికంటే దూరంగా ఉన్న బోర్డు నుంచి డేటా బేస్ దగ్గరికి రావాలంటే 46 చేతులు మారాలి.

ఇక్కడ ఆగి మీరే ఒక లెక్క వేయండి. ఒక్కో చేతి మార్పిడి 99 శాతం సక్సెస్ అనుకోండి. నూటికి తొంభై తొమ్మిది, డిస్టింక్షన్ కదా? 46 సార్లు వరసగా గుణించండి. 63 శాతం వస్తుంది. అంటే బయల్దేరిన ప్రతి మూడు ప్యాకెట్లలో ఒకటి కంటే ఎక్కువే దారిలో పోతుంది. వీడియో కాల్ అయితే కాసేపు బొమ్మ ఆగిపోతుంది, ఫర్వాలేదు. ఇక్కడ మధ్యలో కొలతలు పోతే సిగ్నల్ చెడిపోతుంది. అందుకని బేస్ దగ్గర ఉన్న కంప్యూటర్ రానివాటి జాబితా తయారుచేసి "నాకు ఇవి రాలేదు, మళ్ళీ పంపు" అని అడుగుతుంది. అన్నీ వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. మా అమ్మ "చేరావా?" అని మెసేజ్ పెట్టినట్టు, జవాబు వచ్చేదాకా వదలదు.

ఇంకో తలనొప్పి. అందరూ ఒకే ఛానెల్‌లో మాట్లాడతారు. ఒక బోర్డు మాట్లాడుతుంటే పక్కవాళ్ళు ఆగాలి. ఒక ప్యాకెట్ 46 చేతులూ మారేదాకా రెండోది పంపకుండా కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే ముందు వెళ్ళిన ప్యాకెట్ కొన్ని చేతులు దాటగానే వెనక ఇంకోటి వదులుతారు. ఒకదాని గొంతు ఇంకోదానికి వినపడనంత దూరం ఉంటే చాలు. ఇంత చేస్తే ఆ చివరి బోర్డు నుంచి వచ్చిన వేగం సెకనుకు 441 బైట్లు. మీ మేనమామ పంపే గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వు వంద కేబీ ఉంటుంది అనుకుంటే, అది రావడానికి దాదాపు నాలుగు నిమిషాలు. ఫ్లాష్ మొత్తం నిండి ఉంటే ఒక్క బోర్డుకే ఇరవై నిమిషాలు.

నవ్వకండి. ఆ 441 బైట్లు ఒక్కటి కూడా పోకుండా వచ్చాయి, 64 బోర్డుల టైమ్ కలిసింది. వైరు లేకుండా ఇంత పెద్ద వంతెన ఊగే ఆకారాల్ని చూడొచ్చని తేలింది. బ్యాటరీల మీద నడిచింది కాబట్టి శాశ్వతంగా ఉంచే ఏర్పాటు కాదు, అది ఒక ప్రయోగం. తర్వాత 2009లో దక్షిణ కొరియాలోని జిందో కేబుల్ బ్రిడ్జి మీద కొరియా, అమెరికా, జపాన్ వాళ్ళు కలిసి 70 బోర్డులు పెట్టారు, మరుసటి ఏడాది 113కి పెంచారు. అక్కడ సోలార్ వచ్చింది, బోర్డుల బుర్ర పెరిగింది.

ఓకే. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చూస్తే సూపర్ హిట్. ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఇదంతా పెట్టాక, "జాగ్రత్త, కూలబోతున్నా" అని చెప్తుందా?

దీనికి సమాధానం మాటలతో కాదు, గ్యాస్ కట్టర్‌తో వెతికారు. 1993లో న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీ దగ్గర రియో గ్రాండే నది మీద ఐ-40 హైవే పాత వంతెనని ఎలాగూ పడగొట్టబోతున్నారు. లాస్ అలమోస్ లేబొరేటరీ వాళ్ళు, అక్కడి యూనివర్సిటీ వాళ్ళు "పడగొట్టే ముందు మాకు కొన్ని రోజులివ్వండి" అన్నారు. ఉక్కు గర్డర్‌ని నాలుగు దశల్లో కోస్తూ, ప్రతి కోతకీ ఫ్రీక్వెన్సీ కొలిచారు. కోయకముందు మొదటి మోడ్ 2.48 హెర్ట్జ్. గర్డర్ నడుములో రెండడుగుల కోత పెట్టారు. తగ్గాలి కదా? 2.52 వచ్చింది. పెరిగింది! కోతని కింది దాకా పొడిగించారు. అదే 2.52. కింద ఉన్న మందపాటి పట్టీని సగం కోశారు. 2.46. పట్టీ మొత్తం కోసేసి, గర్డర్ పైభాగం మాత్రమే పట్టుకుని ఉన్నప్పుడు, అప్పుడు 2.30కి దిగింది.

అంటే, ప్రధానమైన గర్డర్ దాదాపు తెగిపోయే దాకా నాడి మామూలుగానే కొట్టుకుంది. చివర్లో కూడా తగ్గింది ఏడు శాతమే.

ఇప్పుడు దీని పక్కన ఇంకో వంతెన పెట్టండి. స్విట్జర్లాండ్‌లో బెర్న్ ప్రాంతంలో జెడ్-24 అని హైవే మీదుగా వెళ్ళే కాంక్రీట్ వంతెన. 1998లో దాన్నీ పడగొట్టారు. అయితే పడగొట్టే ముందు దాదాపు ఏడాది పాటు సెన్సర్లు పెట్టి రాత్రీ పగలూ రికార్డు చేశారు. వంతెన ఆరోగ్యంగా ఉంది, ఎవరూ ఏమీ చేయలేదు. అయినా ఫ్రీక్వెన్సీలు పది శాతం పైనే మారాయి! కారణం చలి. ఉష్ణోగ్రత సున్నా కిందకి దిగితే పైనున్న తారు గడ్డకట్టినట్టు గట్టిపడుతుంది, వంతెన మొత్తం బిగుసుకుంటుంది, ఫ్రీక్వెన్సీ పైకి వెళ్తుంది.

రెండు అంకెలూ పక్కపక్కన చూడండి. గర్డర్ దాదాపు తెగిపోతే ఏడు శాతం. చలి వేస్తే పది శాతం పైన. ఇంక అలారం ఎక్కడ పెడతారు?

ఉద్యోగంలో ఉన్నప్పుడు రాత్రి ఆన్‌కాల్ డ్యూటీ చేశాను. సర్వర్ కాస్త నెమ్మదించినా ఫోన్ మోగేది. వారం తిరిగేసరికి టీమ్‌లో అందరం నిద్రలోనే వేలితో అలారం ఆపేయడం నేర్చుకున్నాం. బ్రిడ్జి ఇంజనీర్‌కి చలికాలం రాగానే రోజూ అలారం కొడితే ఆయనా అంతే, మనిషే కదా. ఎక్కువ మోగే అలారం, అసలు మోగని అలారం రెండూ ఒకటే.

అయితే ఇది పనికిరానిదా? కాదు, కథ ఇక్కడితో ఆగలేదు. జెడ్-24 మీద చివర్లో కావాలని పగుళ్ళు తెచ్చి చూశారు. ఏడాది డేటా నుంచి చలి ప్రభావం ఎంతో లెక్కగట్టి, దాన్ని తీసేసి చూస్తే, దెబ్బ కనిపించింది. చలి వల్ల ఎంత మారాలో తెలిస్తే, అంతకు మించి మారింది ఏదో తెలుస్తుంది. మరి ఇది జరగాలంటే వంతెన ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ చూసిన రికార్డు చేతిలో ఉండాలి. కూలడానికి వారం ముందు పెట్టిన సెన్సర్ ఏం చెప్తుంది? "ఇవాళ నాడి ఇంత" అంటుంది. నిన్న ఎంతో తెలియకపోతే ఆ అంకెతో ఏం చేసుకుంటాం?

ఒక చోట మాత్రం ఈ వైబ్రేషన్ కొలత చాలా సూటిగా పనిచేస్తుంది. కేబుళ్ళ దగ్గర. హైదరాబాద్‌లో దుర్గం చెరువు బ్రిడ్జి మీద ఆ ఏటవాలు కేబుళ్ళు చూశారు కదా, అలాంటివి. ఒక్కో కేబుల్ ఒక పెద్ద వీణ తీగ. పొడవు తెలుసు, మీటరుకి బరువెంతో తెలుసు, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో కొలిస్తే బిగువు తెలిసిపోతుంది. ఊహకి ఒక లెక్క: వంద మీటర్ల కేబుల్, మీటరుకి 50 కిలోలు, సెకనుకు ఒకసారి ఊగుతోంది. దాని మీద లాగుడు దాదాపు 200 టన్నులు. ఇక్కడ వర్గమూలం మనకి అనుకూలంగా తిరుగుతుంది. ఫ్రీక్వెన్సీ 5 శాతం తగ్గిందంటే బిగువు 10 శాతం పోయినట్టు. జిందో మీద కూడా కేబుళ్ళ బిగువు ఇలాగే చూశారు. నన్నడిగితే, బడ్జెట్ తక్కువుంటే ముందు కేబుళ్ళకే పెట్టమంటాను.

ఇప్పుడు నిజంగా కూలినవాటి సంగతి. 2007 ఆగస్టు 1న అమెరికాలో మినియాపొలిస్‌లో మిసిసిపీ నది మీద ఐ-35డబ్ల్యూ వంతెన, సాయంత్రం ట్రాఫిక్‌లో, కూలింది. 13 మంది చనిపోయారు. కారణం, ఉక్కు కడ్డీల్ని కలిపే కొన్ని గసెట్ ప్లేట్లు. అంగుళం మందం ఉండాల్సినవి అరంగుళమే ఉన్నాయి. కట్టిన రోజు నుంచే అంతే, నలభై ఏళ్ళుగా. ఇప్పుడు చెప్పండి, నాడిలో మార్పు చూసే సెన్సర్‌కి ఇది ఎలా దొరుకుతుంది? పుట్టినప్పటి నుంచే ఉన్న లోపం, మార్పు ఏముంది? కానీ 2003లో తీసిన ఫోటోల్లో ఆ ప్లేట్లు వంగి ఉన్నాయి. ఫోటోలో కనిపించింది, ఎవరూ దాని అర్థం చూడలేదు. దాని స్థానంలో మరుసటి ఏడాది కట్టిన కొత్త వంతెనలో వందల సెన్సర్లు పెట్టారు. మంచిదే.

మోర్బీ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. దర్యాప్తు బృందం చూస్తే, ఆ కేబుల్‌లోని 49 తీగల్లో 22 తుప్పు పట్టి ఉన్నాయి, అవి ముందే తెగిపోయి ఉండొచ్చన్నారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకుండా తెరిచారు. ఒకేసారి ఎంతమందిని పంపాలో లెక్క లేదు. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ వంతెనకి కావాల్సింది వైర్‌లెస్ నెట్‌వర్క్ కాదండి. కేబుల్ విప్పి చూసే ఒక మనిషి, "ఇవాళ తెరవొద్దు" అని సంతకం పెట్టే అధికారం ఉన్న ఇంకో మనిషి. సెన్సర్ పెట్టి ఉంటే ఆ డేటా కూడా ఆ సంతకం పెట్టనివాళ్ళ దగ్గరికే వెళ్ళేది.

అందుకే "సెన్సర్ పెట్టలేరా?" అని అడిగేవాళ్ళకి నేను ఇంకో మూడు ప్రశ్నలు ఇస్తాను. మీ ఊరి బ్రిడ్జికి చివరి ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు జరిగింది? ఆ రిపోర్టు ఎవరి దగ్గరుంది? ఆపేయమని చెప్పే అధికారం ఎవరిది? ఆర్టీఐ పది రూపాయలు. సెన్సర్ కంటే చవక.

సరే, చివరగా మీ చేతిలో ఉన్న సెన్సర్ గురించి. 2022లో గోల్డెన్ గేట్ మీదే ఇంకో పని జరిగింది. ఎంఐటీకి చెందిన కార్లో రాట్టి, వెస్ట్ పాయింట్‌లో పనిచేసే థామస్ మటరాజో, ఇంకా కొందరు కలిసి, వంతెన మీద ఏమీ పెట్టకుండా, కార్లలో వెళ్ళే ఫోన్ల డేటాతో వంతెన ఫ్రీక్వెన్సీలు పట్టుకున్నారు. తాము నడిపిన ట్రిప్పులు కొన్ని, ఊబర్ డ్రైవర్ల ట్రిప్పులు కొన్ని.

ఎలా సాధ్యం? గంటకు 60 కిలోమీటర్లతో వెళ్తే 1280 మీటర్లు దాటడానికి 77 సెకన్లు. పది సెకన్లకోసారి ఊగే వంతెన ఆ లోపు ఏడెనిమిది సార్లు మాత్రమే ఊగుతుంది. పైగా కారు సస్పెన్షన్ ఊపు, రోడ్డు గతుకులు, ఇంజిన్ వణుకు. ఒక్క ట్రిప్పుతో ఏమీ తేలదు. కానీ వంద ట్రిప్పులు కలిపితే? ప్రతిసారీ కారు వేరు, వేగం వేరు, గతుకు వేరు. మారకుండా అన్నిట్లో ఉండేది వంతెన ఒక్కటే. సగటు తీసేకొద్దీ మిగతావి చెరిగిపోయి, అది పైకి తేలుతుంది. దీంతో రేపే ప్రతి వంతెనకీ డాక్టర్ దొరికినట్టు కాదు. కానీ సెన్సర్ పెట్టే డబ్బు ఎప్పటికీ రాని చిన్నచిన్న వంతెనలకి ఏళ్ళ తరబడి ఉచితంగా రికార్డు తయారవుతుందన్నది ఇందులో అసలు విషయం. ఇందాక మాట్లాడుకున్న ఆ ఆరోగ్యంగా ఉన్నప్పటి రికార్డే.

మీరు చేసి చూడాలంటే ఫైఫాక్స్ అనే యాప్ ఉంది. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్ళది, ఫ్రీ, యాడ్స్ లేవు. అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ అని ఉంటుంది. ముందు ఇంట్లో వాషింగ్ మెషీన్ మీద ఫోన్ పడిపోకుండా టేప్ వేసి స్పిన్ పెట్టండి. మీ మెషీన్ స్పిన్ 720 ఆర్‌పీఎం అయితే గ్రాఫ్‌లో 12 హెర్ట్జ్ దగ్గర ఒక కొమ్ము లేవాలి, 720ని 60తో భాగిస్తే 12 కదా. అక్కడ సరిగ్గా వస్తే మీ ఫోన్‌ని నమ్మొచ్చు.

తర్వాత ఏదైనా ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీదకి, జనం లేని టైమ్‌లో వెళ్ళండి. ఫ్లైఓవర్ మీద బండి ఆపి మాత్రం చేయొద్దు, ప్లీజ్. మధ్యలో ఫోన్ నేల మీద పెట్టండి. ఎవరైనా నడుస్తుంటే 2 హెర్ట్జ్ చుట్టుపక్కల కొమ్ము వస్తుంది, అది బ్రిడ్జిది కాదు, వాళ్ళ అడుగులది. అందరూ వెళ్ళిపోయాక, ముని వేళ్ళ మీద లేచి మడమల మీద ఒక్కసారి గట్టిగా దిగి, కదలకుండా నిలబడండి. ఇంజనీర్లు కూడా ఇదే చేస్తారు, హీల్ డ్రాప్ టెస్ట్ అంటారు. మీరు ఆగిపోయాక కూడా గ్రాఫ్‌లో ఒక అల మెల్లమెల్లగా తగ్గుతూ పోతుంది. అది బ్రిడ్జిది. సెకనుకు ఎన్నిసార్లో లెక్కపెట్టి, తేదీ, ఎండ ఎంతుందో రాసి పెట్టుకోండి. ఎండాకాలంలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి అదే చోట చేయండి.